నేత్రపటల చిత్రకారుడు కహాల్

ఇంద్రియాలన్నింటిలో కన్ను ప్రధానమైనదని మన పెద్దలు చెప్పినారు. ఆ కంటిలో ప్రధానమైన భాగం ఏదని అడిగితే శాస్త్రజ్ఞులు నేత్రపటలం అని సమాధానం చెబుతారు. కనుగుడ్డు వెనుక గోడకు లోపలివైపున అంటి ఉండే పలుచని పొర అది. రెటీనా అని పిలిచేది దానినే. దాని మందం సుమారు మిల్లీమీటరులో నాలుగవ వంతు. ఆ కొద్దిపాటి మందంలోనే వెలుగును పట్టుకొనే కణాలు, ఆ వార్తను అందుకొనే కణాలు, దానిని మెదడుకు చేరవేసే కణాలు అంతస్తుల మేడవలె అమరి ఉన్నాయి. ఆ మేడలోని గదులను ఒక్కొక్కటిగా పరిశీలించి, చూచినదానిని చూచినట్లు గీసి లోకానికి అందించిన మహనీయుడు స్పెయిన్ దేశీయుడైన సాంటియాగో రమోన్ ఇ కహాల్.

నాడీకణ శాస్త్రానికి పునాది వేసినవాడుగా ఆయన పేరు ప్రసిద్ధం. దెబ్బతిన్న నాడీమార్గం మరల మొలకెత్తదన్న కఠినమైన తీర్పు చెప్పినవాడు కూడా ఆయనే. చూపు కోల్పోయినవారికి ఆ తీర్పు మరణశాసనం వంటిది. అయితే ఆ తీర్పులో ఆయన ఒక తలుపును తెరిచి ఉంచినాడు. నేడు నేత్రవైద్యులు ఆ తలుపులోనుండియే లోపలికి అడుగు పెడుతున్నారు. ఆ ద్వారం వద్ద వారికి కనిపించినవి కహాల్ యౌవనంలో తన కలంతో గీసిన కణాలే. కనుక ఆయన జీవితకథను కంటి కథతో కలిపి తెలుసుకోవడం ఉచితంగా ఉంటుంది.

కహాల్ 1852 మే 1వ తేదీన పెతియా అనే చిన్న కొండపల్లెలో జన్మించినాడు. తండ్రి హుస్తో రమోన్. తల్లి ఆంతోనియా కహాల్. స్పెయిన్ వారి ఆచారం ప్రకారం బిడ్డ పేరులో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ నిలుస్తాయి. నడుమనున్న ఇ అనే అక్షరానికి మరియు అని అర్థం. చివరకు తల్లి ఇంటిపేరే లోకానికి తెలిసిన పేరైంది. తండ్రి పేదకుటుంబంలో పుట్టి స్వయంకృషితో శస్త్రవైద్యుడైనవాడు. పల్లెనుండి పల్లెకు మారుతూ వైద్యం చేసేవాడు. కష్టపడి పైకి వచ్చినవారికి సహజమైన పట్టుదల ఆయనకు మెండుగా ఉండేది. కుమారుడు తనవలెనే వైద్యుడు కావాలన్నది ఆయన సంకల్పం. కుమారుని మనస్సు మాత్రం బొమ్మల మీద ఉండేది. కాగితం దొరికితే కాగితం మీద, దొరకకపోతే గోడల మీద, తలుపుల మీద గీసేవాడు.

ఈ పిచ్చి కుదర్చడానికి తండ్రి ఒక ఉపాయం ఆలోచించినాడు. వారు కాపురమున్న అయెర్బె అనే ఊరిలోని చర్చికి సున్నం వేసి రంగులు పూయడానికి ఒక పనివాడు వచ్చినాడు. పిల్లవాడు గీసిన ఒక మహాత్ముని బొమ్మను తండ్రి అతనికి చూపి అభిప్రాయం అడిగినాడు. ఆ బొమ్మలో పొంకం లేదని, వీనికి చిత్రకళ అబ్బదని అతడు తేల్చి చెప్పినాడు. ఆ ఊరిలో చిత్రకళను గూర్చి మాట్లాడగలవాడు అతడొక్కడే కావడం వలన ఆ మాట ఆ ఇంట శాసనమైంది. రంగులు, కుంచెలు నిషిద్ధమైనవి. అయినా పిల్లవాడు పొలాలలోకి పోయి చాటుమాటుగా గీస్తూనే ఉన్నాడు. ఒక సున్నపు పనివాని తీర్పుకు తలవంచి ఉంటే లోకం ఎంతటి సంపదను కోల్పోయి ఉండేదో ఊహించుకోవచ్చు.

బడిలో ఆయన మంచి విద్యార్థి కాడు. హాకా పట్టణంలోని మఠపాఠశాలలో లాటిన్ పాఠాలు వల్లెవేయలేక దెబ్బలు తిన్నాడు. అన్నం పెట్టకుండా గదిలో బంధించే శిక్షలను అనుభవించినాడు. పదకొండేళ్ల వయస్సులో స్వయంగా ఒక ఫిరంగిని తయారుచేసి పొరుగువారి తోట తలుపును పేల్చివేసినాడు. అందుకు కొద్దిరోజులు ఊరి చెరసాలలో ఉండవలసి వచ్చింది. విసిగిపోయిన తండ్రి కుమారుని కొంతకాలం ఒక మంగలి వద్ద, మరికొంతకాలం చెప్పులు కుట్టేవాని వద్ద పనికి పెట్టినాడు. చేతిపనిలో కుర్రవాడు అసాధారణమైన నేర్పు చూపినాడు. బడిలో మొద్దు అనిపించుకొన్న బాలుని బుద్ధి చేతివ్రేళ్లలో, కళ్లలో మేలుకొని ఉన్నదని అప్పటి ఉపాధ్యాయులు గుర్తించలేకపోయినారు.

చివరకు తండ్రే దారి కనుగొన్నాడు. 1868 వేసవిలో, కుమారునికి పదహారేళ్ల వయస్సులో, పాత శ్మశానం నుండి మానవాస్థికలను ఏరి తెచ్చి శరీరనిర్మాణ శాస్త్రం బోధించడం ప్రారంభించినాడు. ఎముకను చేతితో పట్టుకొని, దాని వంపులను చూచి, గీయాలి. గీయడం నిషేధమైన ఇంట గీయడమే చదువైంది! కుమారుడు ఆ విద్యలో లీనమైపోయినాడు. తండ్రికి కావలసిన వైద్యుడు, కుమారునికి కావలసిన చిత్రకారుడు ఒకే మనిషిలో కలిసినది ఆ వేసవిలోనే.

1873లో సరగోసా నగరంలో కహాల్ వైద్యపట్టం పొందినాడు. వెంటనే సైన్యంలో వైద్యాధికారిగా చేరవలసి వచ్చింది. 1874లో ఆయనను క్యూబాకు పంపినారు. అక్కడి చిత్తడినేలల మధ్య ఆయనకు మలేరియా జ్వరం, రక్తవిరేచనాలు పట్టుకొన్నాయి. 1875లో చిక్కిశల్యమై స్వదేశానికి తిరిగి వచ్చినాడు. సైన్యంలో సంపాదించిన సొమ్ములో మిగిలిన దానితో ఒక సూక్ష్మదర్శినిని కొన్నాడు. 1878లో క్షయవ్యాధి సోకి నోటివెంట రక్తం పడింది. కొండప్రాంతంలో విశ్రాంతి తీసుకొని కోలుకొన్నాడు. 1879లో సిల్వేరియా అనే యువతిని వివాహమాడినాడు. వారికి ఏడుగురు సంతానం. చాలీచాలని ఆదాయంలో సంసారాన్ని గుట్టుగా నడిపి, సూక్ష్మదర్శినికి, రసాయనాలకు డబ్బు మిగిల్చిన ఆ ఇల్లాలి సహనం లేకపోతే భర్త పరిశోధన సాగేది కాదు.

1883లో వలెన్సియా విశ్వవిద్యాలయంలో శరీరనిర్మాణ శాస్త్రాచార్య పదవి లభించింది. 1885లో అక్కడ కలరా చెలరేగినప్పుడు ఆయన ఆ వ్యాధిని పరిశోధించినాడు. ఆ సేవకు కృతజ్ఞతగా సరగోసా ప్రాంతీయ పాలకమండలి ఆయనకు జర్మనీలో తయారైన శ్రేష్ఠమైన జైస్ సూక్ష్మదర్శినిని బహూకరించింది. అంతవరకు పాత పరికరంతో కుస్తీపడిన కహాల్‌కు ఇది దేవుడిచ్చిన వరమైంది.

ఆ కాలంలో నాడీమండలాన్ని గూర్చి పండితులలో ఒక సిద్ధాంతం రాజ్యం చేస్తూ ఉండేది. మెదడులోని నాడీతంతువులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అంతూ పొంతూ లేని ఒకే వలగా ఏర్పడి ఉన్నాయని వారి నమ్మకం. దానిని తేల్చుకోవడానికి సాధనం లేదు. ఎందుకనగా సూక్ష్మదర్శిని క్రింద మెదడు ముక్క చిక్కుపడిన నూలుకండెవలె కనిపించేది. 1873లో ఇటలీ శాస్త్రజ్ఞుడు కామిల్లో గోల్జీ ఒక ఉపాయం కనిపెట్టినాడు. కణజాలాన్ని పొటాషియం డైక్రోమేటులో ఊరవేసి, తరువాత సిల్వర్ నైట్రేటులో ముంచితే, ఎన్నో కణాలలో ఏ కొద్దికణాలో మాత్రం ఆపాదమస్తకం నల్లబడతాయి. పసుపుపచ్చని నేపథ్యం మీద సిరాతో గీసినట్లు కణం ఒక్కటే నిలుస్తుంది. 1887లో మాడ్రిడ్ నగరానికి వెళ్లినప్పుడు లూయిస్ సిమార్రో అనే వైద్యుడు ఈ పద్ధతిలో తయారైన పలకను కహాల్‌కు చూపినాడు. ఆ దృశ్యం ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పింది.

ఆ సంవత్సరమే ఆయన బార్సిలోనాకు ఆచార్యుడుగా మారినాడు. గోల్జీ పద్ధతికి ఆయన రెండు మెరుగులు దిద్దినాడు. రంగువేయడాన్ని రెండుమార్లు చేసినాడు. ముదిరిన జంతువుల మెదడుకు బదులు గ్రుడ్డులోని పిల్లలను, అప్పుడే పుట్టిన జంతువులను తీసుకొన్నాడు. మహారణ్యంలో దారి తెలియకపోతే నారుమడిలో చెట్ల రూపాన్ని తెలుసుకోవడం వంటిది ఈ యుక్తి. 1888లో ఆయనకు సత్యం గోచరించింది. పక్షుల చిన్నమెదడులోను, నేత్రపటలంలోను నాడీతంతువులు ఒకదానికొకటి చేరువగా వచ్చి ఆగిపోతున్నవే కాని కలిసిపోవడం లేదు. ప్రతి నాడీకణం వేరు వేరు వ్యక్తి. ఈ విషయాలను ప్రకటించడానికి పత్రిక లేకపోతే సొంత ఖర్చుతో తానే ఒక పత్రికను స్థాపించినాడు. మొదటి సంచిక అచ్చువేసినది 60 ప్రతులు మాత్రమే. వాటిలో అధికభాగం విదేశ పండితులకు పంపినాడు. స్పానిష్ భాష తెలియని ఆ పండితులు వాటిని పట్టించుకొనలేదు.

కహాల్ నిరుత్సాహపడలేదు. 1889లో బెర్లిన్ నగరంలో జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుల సభ జరిగింది. కూడబెట్టుకొన్న సొమ్ముతో, తన గాజుపలకలను మూటగట్టుకొని, పిలుపు లేని పేరంటానికి పోయినట్లు అక్కడికి పోయినాడు. వచ్చీరాని ఫ్రెంచిలో వివరిస్తూ సూక్ష్మదర్శినిలో పలకలు చూపినాడు. వాటిని చూచినవారిలో వుర్జ్‌బర్గ్ ఆచార్యుడు ఆల్బర్ట్ కోలికర్ ముఖ్యుడు. అప్పటికి ఆయన డెబ్బైయేళ్ల వయోవృద్ధుడు. యూరపులో కణజాల శాస్త్రానికి పెద్దదిక్కు. చూచినదానిని ఒప్పుకొనడానికి ఆయనకు వయస్సు గాని కీర్తి గాని అడ్డురాలేదు. తన పాత అభిప్రాయాన్ని విడిచి కహాల్ పక్షాన నిలిచినాడు. కహాల్ రచనలు చదవడానికి ఆ వయస్సులో స్పానిష్ భాష నేర్చుకొన్నాడని చెబుతారు. 1891లో జర్మనీకి చెందిన వాల్డయర్ ఈ కొత్త సిద్ధాంతాన్ని సమీకరించి నాడీకణానికి న్యూరాన్ అనే పేరు పెట్టినాడు.

ఈ కోలికర్‌కు నేత్రపటలంతో పాతబంధుత్వం ఒకటి ఉన్నది. వుర్జ్‌బర్గ్‌లో ఆయన సహచరుడైన హైన్రిష్ ముల్లర్ 1851లో నేత్రపటలంలో కొన్ని విచిత్రమైన తంతువులను కనిపెట్టినాడు. అవి ఏదో ఒక అంతస్తుకు పరిమితమైనవి కావు. మేడకు వేసిన స్తంభాలవలె అడుగునుండి పైవరకు నిలువుగా ఉన్నాయి. కోలికర్ వాటికి ముల్లర్ తంతువులని మిత్రుని పేరే పెట్టినాడు. నేడు వాటిని ముల్లర్ కణాలంటారు. ముల్లర్ 1864లో నలభైమూడేళ్ల చిన్నవయస్సులోనే మరణించినాడు. ఆయన విడిచిన పనిని మరింత లోతుగా కొనసాగించినది కహాల్.

1892లో కహాల్ మాడ్రిడ్ విశ్వవిద్యాలయానికి ఆచార్యుడుగా వచ్చినాడు. ఆ రోజులలోనే వెన్నెముక గల జంతువుల నేత్రపటలాన్ని గూర్చిన ఆయన మహాగ్రంథం ఫ్రెంచి భాషలో వెలువడింది. చేప, కప్ప, బల్లి, కోడి, కుక్క, ఎద్దు మొదలైన జంతువుల కళ్లన్నీ అందులో ఉన్నాయి. మానవుని నేత్రపటలంలో మసకవెలుతురులో పనిచేసే దండాకార కణాలు సుమారు 12 కోట్లు, రంగులను గుర్తించే శంకువు కణాలు సుమారు 60 లక్షలు. అవి పొందిన వార్త ద్విధ్రువ కణాల ద్వారా ప్రయాణించి, చివర కణాల పొడవైన తోకల మీదుగా మెదడుకు పోతుంది. సుమారు పదిలక్షల తోకల కట్టయే దృష్టినాడి. ఈ ప్రవాహం ఏ దిక్కుగా పోతున్నదో కహాల్ చిత్రాలలో చిన్న చిన్న బాణపుగుర్తులు చెబుతాయి. నాడీకణంలో వార్త ఒకే దిక్కుగా ప్రయాణం చేస్తుందన్న సూత్రానికి నేత్రపటలమే ఆయనకు ముఖ్యసాక్షి. ముల్లర్ కణాలను కూడా ఆయన అదే శ్రద్ధతో గీసినాడు. పొరుగునున్న ప్రతి నాడీకణానికీ చోటిస్తూ, వాటిని అంటిపెట్టుకొని, వేలకొలది సన్నని రేకులు చాచిన ఆ కణాల రూపాన్ని ఆయన చిత్రాలలో నేటికీ చూడవచ్చు.

ఈ గ్రంథరచనా కాలంలోనే ఆయనకు మరొక ఊహ కలిగింది. పెరుగుతున్న నాడీతంతువు చిమ్మచీకటిలో తనకు తగిన జోడును వెదకికొని ఎట్లా పోగలుగుతున్నది? 1890లోనే ఆయన కోడిపిల్ల వెన్నుపాములో పెరిగే తంతువు కొనను చూచి ఉన్నాడు. ముందుకు తడుముకొంటూ పోయే చేయివలె అది కనిపించింది. దానిని దారి నడిపించేవి ఇరుగుపొరుగు కణాలు స్రవించే రసాయనాలై ఉంటాయని 1892లో ఊహించినాడు. పూలవాసనకు తుమ్మెద వచ్చినట్లు ఆ రసాయనాలకు ఆకర్షింపబడి తంతువు పోతుందన్నమాట. అప్పటికి అటువంటి పదార్థాన్ని చూచినవారు లేరు. నేడు వృద్ధికారకాలు అని పిలిచే పదార్థాల కథకు ఇది నాందీప్రస్తావన అనవచ్చు.

మెదడులోను, కంటిలోను నాడీకణాలతో పాటు ఆధారకణాలు కూడా ఉంటాయి. 19వ శతాబ్దం నడుమ జర్మన్ పండితుడు విర్కో వాటికి గ్లియా అనే పేరు పెట్టినాడు. గ్రీకులో ఆ మాటకు జిగురు అని అర్థం. నాడీకణాల మధ్య ఖాళీలు నింపే బంక మాత్రమే అని చాలమంది పండితులు వాటిని చులకన చేసినారు. కహాల్ ఆ చులకన భావాన్ని అంగీకరించలేదు. ఆధారకణాలు ఒక తంతువు నుండి మరొక తంతువును వేరుచేసే తొడుగులవలె పనిచేస్తాయన్న తన తమ్ముడు పెద్రో ఊహను ఆదరించి, 1895లో తమ్మునిపేరు చెప్పియే ప్రకటించినాడు. 1913లో బంగారు లవణంతో ఆధారకణాలకు రంగువేసే కొత్త పద్ధతిని కనిపెట్టినాడు. ఆ కణాలు నిజంగా ఏ పని చేస్తాయన్న ప్రశ్నకు సమాధానం చెప్పడానికి కాలం ఇంకా పక్వం కాలేదు.

1906లో నోబెల్ బహుమానాన్ని గోల్జీకి, కహాల్‌కు కలిపి ఇచ్చినారు. వారిద్దరూ కలిసి నిలిచిన సన్నివేశం చిత్రమైనది. కహాల్ కన్నులు తెరిపించిన రంగు గోల్జీది. ఆ రంగుతో కహాల్ చూచిన సత్యాన్ని గోల్జీ నమ్మలేదు. బహుమాన సందర్భంలో చేసిన ఉపన్యాసంలోనే గోల్జీ వలసిద్ధాంతాన్ని సమర్థించి, నాడీకణ సిద్ధాంతాన్ని విమర్శించినాడు. మరునాడు కహాల్ మాట్లాడుతూ తన సాక్ష్యాలను వరుసగా పేర్చి చెప్పినాడు. ఆ సాక్ష్యాలను సాధ్యం చేసిన గోల్జీకి ఇవ్వవలసిన గౌరవాన్ని ఇచ్చినాడు.

1913, 1914 సంవత్సరాలలో నాడీమండలం శిథిలం కావడాన్ని గూర్చి, తిరిగి పెరగడాన్ని గూర్చి ఆయన రెండు సంపుటాలు ప్రకటించినాడు. ఆ కఠినమైన తీర్పు ఇందులోనిదే. చేతిలోనో కాలిలోనో నాడి తెగితే అది మరల పెరుగుతుంది. మెదడు, వెన్నుపాము, దృష్టినాడి తెగితే పెరుగుదల మొదలై నిలిచిపోతుంది. పెద్దవారి నాడీకేంద్రాలలో మార్గాలు స్థిరపడిపోయినవి. అక్కడ ఏదైనా చావవచ్చును గాని ఏదీ తిరిగి పుట్టదని ఆయన నిర్ణయించినాడు. అయితే ఆ వెంటనే, సాధ్యమైతే ఈ శాసనాన్ని మార్చవలసిన బాధ్యత భావికాలపు విజ్ఞానానిదని కూడా వ్రాసినాడు. తాను ఇచ్చిన తీర్పును ఎవరైనా కొట్టివేస్తే సంతోషించే న్యాయాధిపతులు అరుదు.

ఆ సందేహానికి కారణం ఆయన శిష్యుడు ఫ్రాన్సిస్కో తేయో చేసిన ఒక ప్రయోగం. 1911లో తేయో కాలినాడి ముక్కను జంతువు మెదడులో నాటినాడు. పెరగదనుకొన్న మెదడుతంతువులు ఆ ముక్కలోకి చొచ్చుకొని పెరిగినాయి. అనగా లోపం నాడీకణంలో లేదు. దానికి చుట్టుపక్కల దొరకని దేనిలోనో ఉన్నది. కాలినాడిలోని ఆధారకణాలు అందించే పోషకపదార్థమేదో మెదడులో కొరవడిందని కహాల్ భావించినాడు. ప్రతి నాడీకణం వేరని జీవితమంతా వాదించిన మహానుభావుడు, ఏ నాడీకణమూ తనంతట తాను బ్రతకలేదన్న సత్యాన్ని ఈ విధంగా సమీపించినాడు.

1930లో భార్య మరణించింది. చెవిటితనం, నిద్రలేమి, తలపోటు ఆయనను బాధించినవి. అయినా పని మానలేదు. 1933లో, ఎనభైయేళ్లు దాటిన తరువాత, నేత్రపటల సమస్యలను గూర్చి మరల ఒక వ్యాసం వ్రాసినాడు. ప్రయోగశాలలో తన తొలిప్రేమ నేత్రపటలమే అని చెప్పుకొన్న మనిషి చివరివరకు ఆ ప్రేమను విడువలేదు. 1934 అక్టోబరు 17వ తేదీన మాడ్రిడ్ నగరంలో పరమపదించినాడు. ఆయన చిత్రాలు వేలకొలదిగా భద్రంగా ఉన్నాయి. 2017లో యునెస్కో ఆ పత్రసంపదను ప్రపంచ స్మృతిపట్టికలో చేర్చింది.

ఆయన తెరిచి ఉంచిన తలుపు తరువాత ఏమైనదో చెప్పకపోతే ఈ కథ సగంలో ఆగిపోతుంది. 1950 ప్రాంతాలలో రీటా లెవి మోంటాల్సినీ, స్టాన్లీ కోహెన్ నాడీకణాలను పోషించి పెంచే ఒక ప్రోటీనును కనుగొన్నారు. 1986లో వారికి నోబెల్ బహుమానం లభించింది. కహాల్ ఊహించిన పదార్థాలు నిజంగా ఉన్నాయని దానితో రుజువైంది. అటువంటి వృద్ధికారకాలు ఇంకా అనేకం దొరికినవి. ఒక కణం వృద్ధికారకాన్ని స్రవిస్తుంది. మరొక కణం ఉపరితలం మీద దానికి సరిపోయే గ్రాహకం ఉంటుంది. తాళంలో తాళంచెవి అమరినట్లు రెండూ అమరగానే కణంలోపల ఒకదానివెంట ఒకటిగా మార్పులు కదలి, కణకేంద్రం వరకు వార్త చేరుతుంది. బ్రతుకు, పెరుగు, ఫలానా ప్రోటీనును తయారుచేయి అన్న ఆజ్ఞలు ఆ వార్తలోనివే.

1985లో కెనడాలో ఆల్బర్ట్ అగ్వాయో, ఆయన సహచరుడు పెద్ద ఎలుక నేత్రపటలానికి కాలినాడి ముక్కను అతికి, తెగిన దృష్టితంతువులు అందులో చాలదూరం పెరగడం చూచినారు. తేయో ప్రయోగం కంటిలో ఫలించింది. 1990లో అమెరికాలో మరొక ప్రయోగం జరిగింది. పుట్టుకతో కంటిజబ్బు ఉండి క్రమంగా గ్రుడ్డివయ్యే ఎలుకల కంటిలోకి తంతుకణ వృద్ధికారకాన్ని సూదిద్వారా ఎక్కించినారు. వెలుగును పట్టే కణాల చావు మందగించింది. అయితే ఆ వార్త అందినది ఎవరికి? 2000లో ప్రకటించిన పరిశోధనలో ఆశ్చర్యకరమైన సమాధానం దొరికింది. ఇటువంటి వృద్ధికారకాలు ఇచ్చినప్పుడు మొదట కదలిక కలిగినది వెలుగును పట్టే కణాలలో కాదు, ముల్లర్ కణాలలోను, లోపలి అంతస్తులలోని మరికొన్ని కణాలలోను. అవి ఆ వార్త అందుకొని, తమ పొరుగువారిని కాపాడే పదార్థాలను తయారుచేస్తున్నాయి. చంటిబిడ్డకు సుస్తీచేస్తే తల్లికి మందిచ్చి, పథ్యం పెట్టడం మన ఇళ్లలో పూర్వం నుండి ఉన్న పద్ధతి. నేత్రపటలంలో ఆ తల్లి ముల్లర్ కణం.

ఆ తల్లి చేసే చాకిరీ ఇంత అని చెప్పడం కష్టం. నాడీకణాలు వార్తలు పంపినప్పుడు మిగిలే పొటాషియాన్ని, గ్లూటమేటును అది తొలగిస్తుంది. అధికమైన నీటిని తోడివేస్తుంది. వెలుగు చెదరకుండా వెనుకనున్న దండాలకు, శంకువులకు చేర్చే గాజుతీగవలె కూడా పనిచేస్తుందని 2007లో తేలింది. కాని తల్లి ప్రేమ కూడా మితం తప్పితే ముప్పే. మధుమేహ రోగులలో ముల్లర్ కణాలు రక్తనాళ వృద్ధికారకాన్ని మోతాదు మించి స్రవిస్తాయి. దాని ప్రభావంతో సన్నని రక్తనాళాలు కారి, చూపుకు కేంద్రమైన పచ్చచుక్క ఉబ్బుతుంది. ఆ కారకాన్ని అణచే ఇంజెక్షన్లు నేడు మన నగరాలలోని కంటి ఆసుపత్రులలోనూ ఇస్తున్నారు. 2010లో ఎలుకల ముల్లర్ కణాలలో మాత్రమే ఆ కారకపు జన్యువును తొలగించి చూస్తే మధుమేహంలో రక్తనాళాల కారుడు తగ్గింది. అయితే 2015లో మరొక వైపు బయటపడింది. ముల్లర్ కణాలనుండి ఆ కారకాన్ని అందుకొనే గ్రాహకాన్నే తొలగిస్తే, మధుమేహం గల ఎలుకలలో ముల్లర్ కణాలు నశించినవి. వాటివెంట నాడీకణాలూ నశించినవి. అతి పనికిరాదు, పూర్తిగా లేకపోవడమూ పనికిరాదు. అందుచేత మధుమేహం ఉన్నవారు చూపు బాగున్నప్పటికీ సంవత్సరానికి ఒకమారు నేత్రపటలాన్ని పరీక్ష చేయించుకోవడం అవసరం.

పచ్చచుక్కకు వచ్చే ఒక అరుదైన వ్యాధిలో ముల్లర్ కణాలే తగ్గిపోతాయి. ఆ తరువాత వెలుగును పట్టే కణాలు నశిస్తాయి. 2025 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వ్యాధికి ఒక చికిత్సను అనుమతించింది. వృద్ధికారకాన్ని నిరంతరం స్రవించే కణాలను చిన్న గొట్టంలో ఉంచి కంటిలో అమర్చుతారు. అది పోయిన చూపును తిరిగి ఇవ్వదు. ఉన్న కణాలు నశించే వేగాన్ని తగ్గిస్తుంది. పోయినవి తిరిగి పుట్టడం మాటేమిటి? జీబ్రాచేప కంటికి గాయమైతే దాని ముల్లర్ కణాలు వృద్ధికారకాల ప్రేరణతో విభజన చెంది కొత్త నాడీకణాలను పుట్టిస్తాయి. చేపకు చూపు తిరిగి వస్తుంది. మనుష్యులకు ఆ భాగ్యం లేదు. కాని 2017లో ఎదిగిన ఎలుకల ముల్లర్ కణాలలో ఒక జన్యువును మేల్కొలిపి, మరొక ఔషధాన్ని తోడుచేసి, వాటిని కొంతవరకు నాడీకణాలుగా మార్చగలిగినారు. కహాల్ తీర్పు ఇంకా రద్దు కాలేదు. దానిమీద అప్పీలు మాత్రం విచారణలో ఉన్నది.

ఒక్కొక్క నాడీకణం వేరు అని నిరూపించడానికి కహాల్ గీసిన చిత్రాలలోనే, ఆ వేరువేరు కణాలను అడుగునుండి పైవరకు పొదివిపట్టుకొని నిలిచిన ముల్లర్ కణం కూడా ఉన్నది. ఆయన దాని పని యావత్తును తెలుసుకొనలేకపోయినాడు. తెలియలేదు గనుక అనవసరమని భావించి దానిని చిత్రంనుండి తొలగించలేదు. చూచినది చూచినట్లు గీసి, తరువాతి తరాలవారి కొరకు అక్కడ ఉంచినాడు.